సగం చేసిన లెక్క

కొత్తపేట, హైదరాబాద్
నవంబర్ 6

బాబాయికి సింధూర నమస్కారాలు.

మీకు ఫోన్‌లో ఏమీ వినపడటం లేదనీ, మెసేజ్ పెడితే కళ్ళజోడు వెతుక్కుంటూ ఇంటిల్లిపాదినీ తిడుతున్నారనీ పిన్ని చెప్పింది. అందుకే కాగితం మీదకి దిగాను. పరీక్షల తర్వాత ఇంత రాయడం ఇదే. దస్తూరీ చూసి నవ్వకండి. రాత చెడిపోతే గానీ పశువుల డాక్టర్‌కి పట్టా ఇవ్వరని మీరే అనేవారు.

మీరు ఎల్బీనగర్ ఇల్లు అమ్మేసి పిన్ని వాళ్ళ ఊరు వెళ్ళిపోయాక, చైతన్యపురి మెట్రో దిగువన సందులో క్లినిక్ తెరిచాను కదా. ఇన్నాళ్ళూ కుక్కలు, పిల్లులే. ఎప్పుడన్నా ఒక చిలక. పోయిన నెల ఒకరోజు షట్టర్ తీసేసరికి గుమ్మంలో గుర్రం నిలబడి ఉంది. తెల్లటి ఆడ గుర్రం, పేరు బిజిలీ. పెళ్ళికొడుకుని ఎక్కించుకుని బరాత్‌లకి వెళ్తుంది. సందులో ఉన్న కోచింగ్ పిల్లలంతా బయటికొచ్చేశారు, వెనక రెండు ఆటోలు ఇరుక్కుపోయాయి, నాకేమో కాళ్ళూ చేతులూ ఆడలేదు. కాలేజీ వదిలాక గుర్రాన్ని ముట్టుకోవడం అదే.

దాని యజమాని బక్కయ్య. చిట్యాల దగ్గర పల్లె నుంచి వచ్చి సరూర్‌నగర్ చెరువు పక్కన పాత ఊళ్ళో స్థిరపడ్డాడు. ఇల్లంతా ఆ ఒక్క గుర్రం మీదే బతుకుతోంది. భార్య లచ్చమ్మ దాణా, పేడ చూస్తుంది, కొడుకు శేఖర్ కళ్ళెం పట్టుకుని బరాత్ ముందు నడుస్తాడు. జనరేటర్ బండి అంచు గీసుకుని బిజిలీ వెనక కాలికి దెబ్బ తగిలింది. "కుక్కల డాక్టరైతే ఏంది మేడం, పానమే గదా. గుర్రాల డాక్టర్లు మాసొంటోళ్ళ కాడికి రారు. జర సూడుండ్రి" అన్నాడు బక్కయ్య. కుట్లు వేసి మందు రాశాను. మానింది. అప్పటినుంచీ ఆ దారిన పోతే చాలు, ఆగి దండం పెట్టి వెళ్తున్నాడు. పక్క బస్తీలో అందరికీ నేను "మా డాక్టరమ్మ"ని అయిపోయాను. గర్వంగానే ఉంది, దాచుకోవడం ఎందుకు.

ఒక్కటే ఇబ్బంది. నా స్టెతస్కోపు కుక్కపిల్లలకి కొన్నది, గుండె మీద ఆనించే తల చిన్నది, గొట్టం పొట్టి. బిజిలీ పక్కటెముకల మీద పెడితే మూడిళ్ళ అవతల ఎవరో రోలు దంచుతున్నట్టు వినపడింది. గుర్రం గుండె, ఊపిరి, పేగుల చప్పుడు చూడటానికి ఎలాంటిది కొనాలి? మీరు గోదావరి జిల్లాల్లో జట్కా గుర్రాలన్నీ చూసినవారు కదా, చెప్పండి.

పిన్నికి నా ముద్దులు.
మీ సింధూర


రామచంద్రపురం
నవంబర్ 14

చిరంజీవి సింధూరకి బాబాయి ఆశీస్సులు.

నీ ఉత్తరం పోస్ట్‌మాన్ చేతిలోంచి లాక్కున్నాను. చెవులు పోయాక నన్ను వైద్యం అడిగిన మొదటి మనిషివి నువ్వే. ఇక్కడ అందరూ నాకు బీపీ ఎంతో నా ముఖం మీద అరవడానికే వస్తారు.

స్టెతస్కోపు సంగతి. గుర్రానికని ప్రత్యేకంగా అమ్మేది వెతుక్కుంటూ తిరగకు. మనుషుల గుండె డాక్టర్లు వాడే మంచిది చాలు. తల పెద్దవాళ్ళ సైజుది ఉండాలి, ఒకవైపు పొర, ఒకవైపు గిన్నె. గొట్టం మందంగా ఉంటే బయటి గోల లోపలికి రాదు. మరీ పొట్టిగా ఉంటే నీ తల గుర్రం మోచేతి దగ్గరికి పోతుంది, అది కాలు విసిరితే నీ పెళ్ళి ఫోటోలు పాడవుతాయి. మరీ పొడుగైతే చప్పుడు కాస్త తగ్గుతుంది, పరవాలేదు, నీ పళ్ళు దానికంటే విలువైనవి. చెవిలో పెట్టే బుడిపెలు మెత్తగా, నీ చెవికి సరిగ్గా పట్టాలి. వందలో తొంభైమందికి వినపడకపోవడానికి కారణం అదే, తల కాదు. బ్యాటరీ పెట్టి చప్పుడు పెంచేవి వచ్చాయట. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద అది గుండెతో పాటు సిటీ బస్సుని కూడా పెంచి వినిపిస్తుంది. వద్దు.

ఎడమ వైపు, ముందు కాలి మోచేతి వెనక, కండ కిందకి కాస్త తోసి పెట్టు. నిలకడగా ఉన్న గుర్రం గుండె నిమిషానికి ముప్పై నుంచి నలభై మధ్య కొట్టుకుంటుంది. అప్పుడప్పుడూ ఒక దెబ్బ మింగేస్తుంది, కంగారు పడకు. ఊపిరి పది, పన్నెండు. డొక్కలో రెండు వైపులా, పైనా కిందా వినాలి. పేగులు గురగురమంటే సుఖం. నిశ్శబ్దంగా ఉంటే భయపడు.

ఒక్క జాగ్రత్త. లబ్, డబ్ కలిపి ఒకటి. గుర్రం గుండె నిదానం కాబట్టి కొత్తవాళ్ళు రెంటినీ రెండుగా లెక్కేసి, అరవై డెబ్బై అని రాసి, యజమానిని హడలగొడతారు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో కాకినాడ జట్కా స్టాండ్‌లో నేను చేసిన పని అదే, ముసలి జట్కావాళ్ళు నెల్లాళ్ళు నవ్వారు. అందుకని అరవై దాటి వచ్చిందంటే, ముందు గుర్రాన్ని కాదు, నిన్ను నువ్వు అనుమానించు.

పిన్ని ఆవకాయ పంపుతానంటోంది. సీసా పగలకుండా చేరితే దేవుడున్నట్టే.
బాబాయి


కొత్తపేట
డిసెంబర్ 18

బాబాయికి,

ఆవకాయ చేరింది. నమస్కారాలు.

స్టెతస్కోపు ఇంకా కొనలేదు. కోఠిలో సర్జికల్ షాపులన్నీ తిరిగాను. ఒకదానికి తల బాగుంది, గొట్టం పొట్టి. ఒకదానికి గొట్టం బాగుంది, చెవి బుడిపెలు గట్టివి. పొరలు రెండు రకాలున్నాయి, ఒకటి నొక్కితే ఒకలా, వదిలితే ఒకలా వినిపిస్తుందట. గుర్రానికి ఏది మంచిది? పశువులకని పొడుగు గొట్టంతో ఒకటుంది, తెప్పించి ఇస్తామంటున్నారు, అదేనా? బ్యాటరీది వద్దన్నారు మీరు, కానీ బయటి గోలని కోసేసే రకం ఒకటి చూపించారు. అది ఉంటే రోడ్డు పక్కన కూడా పొరపాటు జరగదంటున్నాడు షాపతను. ఖరీదు ఎంతైనా ఫర్వాలేదు.

వీలైనంత తొందరగా రాయండి. ఇక్కడ చలి ఎక్కువగా ఉంది.
సింధూర


రామచంద్రపురం
డిసెంబర్ 26

సింధూ,

నీ ప్రశ్నలకి ముందు జవాబులు. నొక్కితే మారే పొర మంచిదే, అలవాటు కావాలి. పొడుగు గొట్టంది తెప్పించుకోనక్కరలేదు. గోలని కోసేది కొంటే కొను. నేను ముసలివాణ్ణి, నా మాటే వేదం కాదు.

ఇప్పుడు నా ప్రశ్న. నీ మొదటి ఉత్తరంలో ఆ గుర్రం గురించి ఒకటిన్నర పేజీ ఉంది. దాని రంగు, పేరు, దాని వెనక ఇరుక్కున్న ఆటోలు, బక్కయ్య దండం, అన్నీ ఉన్నాయి. ఈ ఉత్తరంలో దాని పేరే లేదు. "పొరపాటు జరగదు" అన్న మాట మాత్రం ఉంది. ఎవరి పొరపాటు?

చిన్నప్పుడు గ్లాసు పగలగొడితే నువ్వు వంటింట్లోకి వచ్చి, పిన్నీ కొత్త గ్లాసులు ఎక్కడ దొరుకుతాయి అని అడిగేదానివి. పిన్నికి ఈ ఉత్తరం చదివి వినిపిస్తే ఆవిడే గుర్తు చేసింది.

బిజిలీ ఎలా ఉంది?
బాబాయి


కొత్తపేట
జనవరి 3

బాబాయికి,

బిజిలీ చచ్చిపోయింది. డిసెంబర్ మొదటి వారంలో.

ఆ రోజు మధ్యాహ్నం బక్కయ్య, శేఖర్ దాన్ని క్లినిక్‌కి తీసుకొచ్చారు. పొద్దుటి నుంచి గడ్డి ముట్టలేదు, తిరిగి తిరిగి డొక్క వైపు చూసుకుంటోంది, ముందు కాలితో నేల గీరుతోంది. చూశాను. పెద్దగా ఏమీ లేదనిపించింది. సాయంత్రం కర్మన్‌ఘాట్ దగ్గర ఫంక్షన్ హాల్లో బరాత్ ఉంది, తీసుకెళ్ళారు. పెళ్ళికొడుకు దిగీ దిగగానే అది రోడ్డు మీద పడుకుండిపోయింది. మళ్ళీ లేవలేదు. ఎవరో పెద్ద డాక్టర్‌ని పిలిపించేసరికే ఆలస్యమైంది. పేగు మెలిపడింది అన్నారాయన. ఏం తిన్నదని అడిగారు.

ముందు రోజు కూడా ఒక బరాత్ ఉంది. పెళ్ళివాళ్ళు గుర్రం పట్టుకునే మనిషికి విస్తరి పెడతారు. శేఖర్‌కి ఒక అలవాటు, విస్తట్లో మొదటి ముద్ద బిజిలీకి పెట్టి గానీ తను తినడు. మసాలా వేసి వండిన బగారా అన్నం పెట్టాడు. ఆ మాట బయటపడగానే బక్కయ్య చెప్పు తీశాడు. బస్తీ అంతా చూస్తుండగా, ముప్పై ఏళ్ళ కొడుకుని. "నా బిజిలిని నువ్వే సంపినవ్‌రా. నా ఇంట్ల అడుగు పెట్టకు" అన్నాడు. శేఖర్ చొక్కా దులుపుకుని వెళ్ళిపోయాడు. ఇప్పటిదాకా ఇంటికి రాలేదు. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

ఇప్పుడు బక్కయ్య ఇంకో గుర్రం కొనాలనుకుంటున్నాడు. నాదర్‌గుల్‌లో ఒకరు బరాత్‌ల పని మానుకుని అమ్ముతున్నారట. మాఘమాసం ముహూర్తాలకి కావాలి. "మీరు చెవి పెట్టి మంచిగుందంటెనే కొంట మేడం. మీ మాట మీదనే" అన్నాడు. అందుకే స్టెతస్కోపు కోసం తిరుగుతున్నాను. ఆ రోజు నా దగ్గర సరైనది ఉండి ఉంటే ఇలా అయ్యేది కాదు.

సింధూర


రామచంద్రపురం
జనవరి 9

సింధూ,

చదివాను. పాపం ఆ ప్రాణి.

నిన్ను స్టెతస్కోపు గురించి అడగట్లేదు. ఆ రోజు ఎంత లెక్కపెట్టావు?

బాబాయి


కొత్తపేట
జనవరి 17

బాబాయి,

అరవై ఎనిమిది.

ఈ అంకె ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. కాగితం మీద రాశాక చూస్తే చిన్నగానే ఉంది.

కోచింగ్ పిల్లలు అప్పుడే బయటికొచ్చారు. జ్యూస్ బండి మిక్సీ తిరుగుతోంది. లోపల రెండు కుక్కలు నా కోసం వేచి ఉన్నాయి. బిజిలీని సందులోనే నిలబెట్టి చూశాను. చప్పుడు దూరంగా వచ్చింది కానీ వచ్చింది బాబాయి, నిజంగా వచ్చింది. నిమిషమంతా లెక్కపెట్టాను. అరవై ఎనిమిది. చాలా ఎక్కువ. వెంటనే మీ ఉత్తరం గుర్తొచ్చింది. ఓహో, నేను కూడా కొత్తవాళ్ళ పొరపాటే చేశాను, లబ్‌నీ డబ్‌నీ విడివిడిగా లెక్కేశాను అనుకున్నాను. మళ్ళీ లెక్కపెట్టలేదు. సగం చేశాను. ముప్పై నాలుగు. పుస్తకంలో అంకె. అది పైకి అన్నాను కూడా, దర్జాగా. "ముప్పై నాలుగు, బాగానే ఉంది."

మళ్ళీ ఎందుకు లెక్కపెట్టలేదంటే, బక్కయ్య నా ముఖంలోకే చూస్తున్నాడు. రెండోసారి పెడితే నాకు రాదని తెలిసిపోతుందనిపించింది. డొక్క మీద పెడితే ఏదో గురగుర వినపడింది. అది పేగో, మిక్సీనో ఇప్పుడు చెప్పలేను. చిగుళ్ళు కాస్త నల్లబడ్డట్టుంటే నీడ అనుకున్నాను.

నేను మీకు రాయని మాట ఇంకొకటుంది. "పెండ్లికి తీస్కపోవచ్చా మేడం?" అని బక్కయ్య అడిగాడు. నేను నోరు తెరిచేలోపు శేఖర్, "ఒద్దు నాయినా, దానికి పానం మంచిగ లేదు. వేరేటోళ్ళ గుర్రాన్ని పంపుదం" అన్నాడు. బక్కయ్య నా వైపు తిరిగాడు. నేను నవ్వి, "చూశాను కదా శేఖర్, దానికేం కాలేదు" అన్నాను. అంతే. శేఖర్ కళ్ళెం పట్టుకుని నడిచాడు.

చెప్పు దెబ్బలు తిన్నది ఆ మనిషి. నేను అక్కడే నిలబడి ఉన్నానని రాశాను కదా. నోరు తెరవబోయాను, తెరవలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు ఇంకా రాలేదు. లచ్చమ్మ కనిపించినప్పుడల్లా "మీరేం జేస్తరు మేడం, మా తలరాత" అంటుంది. ఆవిడ కనిపిస్తే ఇప్పుడు పక్క సందులోకి తిరిగిపోతున్నాను. ఇంట్లో అన్నం తింటుంటే అమ్మ ఏమైందే అని అడుగుతోంది. కోఠి షాపుల్లో నిలబడి గొట్టాలు చెవుల్లో పెట్టుకుని నా గుండె నేనే వింటున్నాను. అన్నిట్లోనూ బాగానే వినపడుతోంది.

తప్పు స్టెతస్కోపుది కాదు. మీకు ముందే అర్థమైంది.
సింధూర


రామచంద్రపురం
జనవరి 25

నా తల్లీ,

మూడు ఉత్తరాలు రాసి చించేశాను. ఇది నాలుగోది.

"నిన్ను నువ్వు అనుమానించు" అన్న వాక్యం నాది. రాసినప్పుడు నాకే ముచ్చటేసింది, పిన్నికి చదివి వినిపించాను కూడా. అనుమానం వస్తే మళ్ళీ లెక్కపెట్టమని అర్థం. ఆ ముక్క రాయలేదు. ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, గుర్రానికి దవడ ఎముక అంచు కింద నాడి దొరుకుతుంది. వేలు పెడితే చాలు. అక్కడ లబ్బూ లేదు డబ్బూ లేదు, గుండె ఒకసారి కొడితే వేలికి ఒకసారి తగులుతుంది. ఏ గోలలోనైనా, చెవిటివాడైనా చూడొచ్చు. నలభై ఏళ్ళు అలా చూసినవాణ్ణి, స్టెతస్కోపు మీద రెండు పేజీలు వెలగబెట్టి, వేలితో చూసే సంగతి నీకు రాయడం మర్చిపోయాను. నవ్వించాలనే యావలో పడ్డాను. నీ బదులు నాకు నిద్ర పట్టట్లేదు.

ఇప్పుడు నా మాట విను. ఎవరికీ చెప్పకు.

పేగు మెలిపడితే అరవై ఎనిమిది అని అప్పుడే చెప్పినా అది బతికేదని ఎవరూ అనలేరు. గుర్రం తిరిగి రాదు. నీ క్లినిక్‌కి ఏడాది నిండింది, అంతే. ఆ సందులో ఒక్క మాట పుడితే పిల్లిని కూడా నీ దగ్గరికి తీసుకురారు. అన్నయ్య నీ చదువుకి ఎంత కష్టపడ్డాడో నాకు తెలుసు. శేఖర్‌కి ఎక్కడన్నా మంచి పని చూద్దాం, నాకు తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు. కొన్నాళ్ళకి తండ్రీ కొడుకులు వాళ్ళే కలుస్తారు. నాదర్‌గుల్ గుర్రాన్ని చూడటానికి ఏదో వంక చెప్పి తప్పుకో.

ఎప్పుడైనా బయటపడితే, మా బాబాయి తప్పుడు సలహా ఇచ్చాడని చెప్పు. నేనే వచ్చి ఒప్పుకుంటాను. ఎవరు తిట్టినా నాకెలాగూ వినపడదు.

ఇది డాక్టర్‌గా చెప్పట్లేదు. పిన్నికి ఈ ఉత్తరం చూపించలేదు. చూపిస్తే ఏమంటుందో తెలుసు.
బాబాయి


కొత్తపేట
ఫిబ్రవరి 8

బాబాయికి,

మీ మాట కాదనడం నా జన్మలో ఇదే మొదలు. కోపం తెచ్చుకోకండి.

మీ ఉత్తరం రెండు రోజులు బ్యాగ్‌లో పెట్టుకు తిరిగాను. అందులో మీరు రాసినవన్నీ నేను అప్పటికే నాకు చెప్పుకున్నవి. మీ దస్తూరీలో చూసేసరికి చదవలేకపోయాను. మీ వాక్యం మీద నా తప్పు పెట్టను బాబాయి. మీరు అనుమానించమన్నారు, సగం చెయ్యమనలేదు.

స్టెతస్కోపు కొన్నాను. మీరు మొదట చెప్పినటువంటిదే, మనుషుల గుండె డాక్టర్లది, పెద్ద తల, మందపాటి గొట్టం, మెత్తటి బుడిపెలు. బ్యాటరీ లేదు. ఆదివారం బక్కయ్య, లచ్చమ్మతో ఆటోలో నాదర్‌గుల్ వెళ్ళాను. గోధుమరంగు ఆడ గుర్రం, మెత్తనిది. పైన శిక్షణ విమానాలు ఒకటే తిరుగుతున్నాయి. ఒకటి పోయేదాకా ఆగి, దవడ కింద వేలు పెట్టాను. ముప్పై ఆరు. ఇంకోటి వచ్చింది. అదీ పోయేదాకా ఆగాను. మళ్ళీ ముప్పై ఆరు. అప్పుడు స్టెతస్కోపు పెట్టాను. లబ్‌డబ్. తర్వాత ఏమీ లేదు. ఏమైందని అనుకునేంతసేపు ఏమీ లేదు. తర్వాత మళ్ళీ లబ్‌డబ్.

ఇంత నిదానంగా ఉంటుందని నాకు తెలియదు బాబాయి. బిజిలీ కాలికి కుట్లు వేసినప్పుడు, అది ఆరోగ్యంగా ఉన్నప్పుడు, ఒక్క పది నిమిషాలు తీరిగ్గా దాని గుండె విని ఉంటే, ఆ రోజు ఆ పరుగు విని సగం చేసేదాన్ని కాదు.

బుడిపెలు తీసి బక్కయ్య చెవుల్లో పెట్టాను. వింటూ నవ్వాడు. "నిమ్మళంగ ఉన్నది మేడం. ముసలోడు కట్టె పట్టుకొని నడిసినట్టే ఉన్నది" అన్నాడు.

"ఆ రోజు బిజిలీది దీనికి దాదాపు రెట్టింపు కొట్టుకుంది. నేను సగం చేసి మీకు చెప్పాను. శేఖర్ వద్దన్నాడు. నేనే పంపాను" అన్నాను.

బుడిపెలు చెవుల్లోనే ఉన్నాయి. వినపడిందో లేదో తెలియలేదు. అవి తీశాడు. గొట్టం చుట్టలు చుట్టి నా చేతిలో పెట్టాడు.

"వాన్ని చెప్పుతోని కొట్టిన. నువ్వు ఆడనే ఉన్నవు" అన్నాడు.

ఆయన నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి.

"ఉన్నాను."

"మల్ల ఎందుకు ఊకున్నవు?"

"భయమేసింది" అన్నాను. ఇంకేం చెప్పను. నిజం అంతే.

ఏడవకూడదనుకున్నాను, ఏడ్చాను. ఆయన చూడలేదు. లచ్చమ్మ గోడకి ఆనుకుని కొంగు నోట్లో పెట్టుకుంది. గుర్రం అమ్మే మనిషితో బక్కయ్య, "ఇంకో డాక్టర్‌ను తోలుకొస్త. గప్పటిదాంక ఎవ్వరికీ అమ్మకు" అని చెప్పాడు. నా వైపు తిరిగి, "నాకు జెప్పితే ఏమొస్తది? మాట పడ్డది వాడు. పోయి వానికి జెప్పు" అన్నాడు. నేను వచ్చిన ఆటోలోనే వాళ్ళు వెళ్ళిపోయారు. ఎక్కే ముందు లచ్చమ్మ వెనక్కి వచ్చి, "బాటసింగారం పండ్ల మార్కెట్‌ల డబ్బాలు మోస్తుండు" అని చెప్పి పోయింది. తల్లికి మొదటినుంచీ తెలుసన్నమాట.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. బత్తాయి లారీల మధ్య దొరికాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి భుజం మీది డబ్బా దించి, "నాయినకు ఏమన్న అయిందా మేడం?" అని అడిగాడు. లేదని, అంతా చెప్పాను. మొదటి నుంచి, ఏదీ వదలకుండా. అరవై ఎనిమిదీ, ముప్పై నాలుగూ, నేను నవ్విన నవ్వూ. విన్నంతసేపూ తల ఎత్తలేదు.

"మల్లొక్కసారి చెప్పుండ్రి" అన్నాడు. మళ్ళీ చెప్పాను.

"అంటె నా ముద్ద తోని కాదా?"

ఇక్కడ మాత్రం జాగ్రత్తగా చెప్పాను, ఇంకోసారి దర్జాగా చెప్పదలుచుకోలేదు. "పేగు ఎందుకు మెలిపడిందో నాకు తెలియదు శేఖర్. నువ్వు ఎప్పుడూ పెట్టే ముద్దే పెట్టావు. అది జబ్బుపడ్డాక కనిపెట్టాల్సినది నేను. నువ్వు కనిపెట్టావు. నేను కాదన్నాను" అన్నాను.

డబ్బా మీద కూర్చుండిపోయాడు. "నేనే సంపిన అనుకున్న మేడం. గప్పటిసంది అన్నం ముద్ద పట్టుకుంటె చెయ్యి నోటికాడికి వస్తలేదు. బన్ను, చాయ, గంతే" అన్నాడు. బిజిలీ పోయి రెండు నెలలు. ఆ రెండు నెలలూ నేను మా అమ్మ వండిన అన్నం మూడు పూటలా తిన్నాను బాబాయి. సయించక తిన్నాను, కానీ తిన్నాను.

తిడతాడని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది. "నాయినకు ఫోన్ కలుపుండ్రి. నేను చేస్తె ఎత్తడు" అన్నాడు. కలిపాను. చాలాసేపు మోగింది. ఎత్తి, "చెప్పినవా?" అన్నాడు బక్కయ్య. "చెప్పాను, ఇక్కడే ఉన్నాడు" అని ఫోన్ శేఖర్‌కి ఇచ్చాను.

"నాయినా" అన్నాడు శేఖర్.

మార్కెట్ గోలలో వినపడక స్పీకర్ నొక్కాడు. తర్వాత బక్కయ్య గొంతు.

"తిన్నవారా?"

శేఖర్ ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

"తింట నాయినా" అన్నాడు.

ఫోన్ అతని చేతిలోనే వదిలేసి, లారీల మధ్య నుంచి గేటు దాకా నడిచాను.

మీ సింధూర